తెలివైన కుక్క కావాలా? ముందు దానికి ఏం పని చెప్తారో చూసుకోండి

పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చిన మా బావమరిది చాయ్ తాగుతూ అడిగాడు. "బావా, మంచి తెలివిగల్ల కుక్కపిల్లను తేవాలనుకుంటున్న. ఏ జాతి మంచిదో చెప్పు. పైసలకు ఎన్కకు పోను."

"తెచ్చి దానికేం పని చెప్తవ్‌రా?"

"పనేముంటది బావా, ఇంట్ల ఉంటది."

ఈ జవాబు వింటేనే నాకు భయం. కుక్కను ముచ్చటపడి తెచ్చుకుని, ఏడాది తిరగకముందే ఎవరికైనా ఇచ్చేద్దామని వెతికేవాళ్లను హనుమకొండలో, కాజీపేటలో ఎంతోమందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది తెచ్చుకున్నవి మొద్దు కుక్కలేం కావు, మంచి చురుకైనవే. చురుకైన కుక్కకు మనం పని చెప్పకపోతే అదే పని వెతుక్కుంటుంది. సోఫా చింపుతుంది, గేటు గడియ తీయడం నేర్చుకుంటుంది, పక్కింటి కోళ్ల వెంట పడుతుంది. తప్పు దానిది కాదు కానీ, శిక్ష మాత్రం దానికే పడుతుంది.

పరకాల దగ్గర మా బాయికాడ ఎప్పుడూ నాటు కుక్కలే. హనుమకొండ ఇంట్లో మొదట ఒక జర్మన్ షెపర్డ్ ఉండేది, ఇప్పుడు లాబ్రడార్ ఉంది. ఇరవై ఏళ్లుగా వీటిని సాదుతూ నేర్చుకున్నది, చదివి తెలుసుకున్నది కలిపి చెబుతున్నాను.

ముందు ఒక ఆదివారం సంగతి చెప్పాలి. అడవిపందుల బాధకు మక్కచేను చుట్టూ జాలి కట్టించాం. ఆ రోజు షెపర్డ్ రాకీని కూడా బాయికాడికి తీసుకుపోయాను. నేను జాలి లోపల ఉన్నాను, రాకీ, మల్లి బయట. మల్లి మా నాటు కుక్క. ఎర్రటి ఒళ్లు, తోక కొస మాత్రం తెల్లగా ఉండేది. గిన్నెలో కోడికాళ్లు వేసి ఇద్దరినీ పిలిచాను. రాకీ సూటిగా నా ఎదురుకు వచ్చి జాలికి మూతి ఆనించి ఏడ్చాడు, గీకాడు, మట్టి తవ్వాడు. మల్లి జాలి వంక ఒకసారి చూసింది. గిన్నెకు వీపు పెట్టి నడుచుకుంటూ పోయింది. ముప్పై గజాల అవతల మోటరు పైపు పోయే సందు ఉంది. అందులోంచి దూరి, నా వెనక నుంచి వచ్చి గిన్నె దగ్గర నిలబడింది. రాకీ ఇంకా తవ్వుతూనే ఉన్నాడు. మల్లికి ఆ జాగ అలవాటే, రాకీకి కొత్త, నిజమే. కానీ మల్లి దూరడం కళ్లారా చూశాక కూడా, రెండోసారి పిలిస్తే మళ్లీ సూటిగానే వచ్చాడు.

ఇదే రాకీ "కూర్చో" అనే మాటను ఒక్క పూటలో నేర్చుకున్నాడు. మల్లికి రెండు నెలలు చెప్పాను. మొహం చూసేది, తోక ఊపేది, పోయి చింతచెట్టు నీడలో పడుకునేది. ఈ ఇద్దరిలో తెలివైనది ఏదని నన్ను అడిగితే ఒక్క పేరు చెప్పలేను.

ర్యాంకుల పట్టికలో ఏముంది, ఏం లేదు

మనవాళ్ల ఫోన్లలో తిరిగే "ప్రపంచంలో తెలివైన పది కుక్కలు" వీడియోలన్నింటికీ దాదాపుగా మూలం ఒక్కటే. కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ కోరెన్ 1994లో ఇచ్చిన పట్టిక అది. అందులో మొదటి స్థానం బోర్డర్ కోలీది. తర్వాత వరసగా పూడిల్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, డాబర్‌మన్ ఉంటాయి. లాబ్రడార్‌ది ఏడో స్థానం, రాట్‌వీలర్‌ది తొమ్మిదోది. అట్టడుగున ఆఫ్ఘన్ హౌండ్.

ఈ పట్టికను ఎట్లా తయారుచేశారో ఆ వీడియోల్లో చెప్పరు. అమెరికా, కెనడాల్లో కుక్కల విధేయత పోటీలకు న్యాయనిర్ణేతలుగా ఉండే దాదాపు 200 మందిని అడిగి, వాళ్ల అంచనాలను క్రోడీకరించాడు కోరెన్. పై వరస జాతులు కొత్త మాటను ఐదు సార్లలోపే పట్టుకుంటాయి, మొదటిసారి చెప్పగానే 95 శాతం వింటాయి. మధ్య వరసవాటికి 25 నుంచి 40 సార్లు చెప్పాలి. చివరి గుంపుకు 80 సార్లు దాటినా అనుమానమే. అంటే ఈ పట్టిక కొలిచింది మాట వినడాన్ని. కోరెన్ స్వయంగా తెలివిని మూడు రకాలుగా విడగొట్టాడు. ఏ పనికోసం ఆ జాతిని తరతరాలుగా పెంచారో ఆ పనిలో పుట్టుకతో వచ్చే నేర్పు ఒకటి. తన కష్టాన్ని తానే తీర్చుకునే తెలివి రెండోది. మనిషి చెప్పింది నేర్చుకుని చేయడం మూడోది. పట్టిక ఈ మూడోదానికే.

ఆ పట్టిక చివరి గుంపులో బ్లడ్‌హౌండ్ ఉంది, బీగిల్ ఉంది. బ్లడ్‌హౌండ్ ముక్కుకు సాటి వచ్చే ముక్కు కుక్కల్లోనే అరుదు. విమానాశ్రయాల్లో సామాన్లు వాసన చూసే పనికి బీగిళ్లను పెడతారు. చివరి నుంచి రెండోది బసెంజీ. అది ఆఫ్రికా ఊళ్ల కుక్క, మన నాటు కుక్కలాగే చెవులు నిక్కబొడుచుకుని తన బతుకు తాను చూసుకునే రకం. మన ఊరకుక్కకు ఆ పోటీ పెట్టి ఉంటే దాని పక్కనే కూర్చోబెట్టేవాళ్లని నాకనిపిస్తుంది. మల్లికి సున్నా మార్కులే వచ్చేవి.

మాట నేర్వడంలో బోర్డర్ కోలీ గొప్పదనాన్ని తక్కువ చేయడం లేదు. అమెరికాలో చేసర్ అనే బోర్డర్ కోలీకి ఒక ప్రొఫెసర్ 1,022 బొమ్మల పేర్లు నేర్పాడు, పేరు చెబితే ఆ బొమ్మనే తెచ్చేది. కానీ అందుకోసం ఆయన ఏళ్ల తరబడి రోజుకు గంటల కొద్దీ దానితో కూర్చున్నాడు. ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

మనుషుల అంచనాలు పక్కనపెట్టి కుక్కలకే పరీక్షలు పెట్టినవాళ్లు ఉన్నారు. 2022లో ఫిన్లాండ్ పరిశోధకులు 13 జాతులకు చెందిన వెయ్యికి పైగా కుక్కలను పరీక్షించారు. మనిషి సైగను చదవడం, కంచె చుట్టూ దారి వెతకడం, తొందరను అణచుకోవడం, కష్టమైన పని ఎదురైతే మనిషి వైపు చూడడం, వీటిలో జాతికీ జాతికీ తేడా కనిపించింది. జ్ఞాపకశక్తిలో, తర్కంలో తేడా తేలలేదు. బెల్జియన్ మాలినోవా చాలా పరీక్షల్లో ముందుంది. కానీ తొందరను అణచుకునే పరీక్షలో మాలినోవా, జర్మన్ షెపర్డ్ రెండూ వెనకబడ్డాయి. అది చదివినప్పుడు జాలి దగ్గర మట్టి తవ్వుతున్న రాకీ కళ్లముందు మెదిలాడు. ఎదురుగా కనిపిస్తున్నదాన్ని వదిలి పక్కకు తిరగాలంటే ముందు మనసును పట్టి ఆపుకోవాలి కదా.

అదే ఏడాది అమెరికాలో 18 వేలకు పైగా కుక్కల యజమానులు ఇచ్చిన వివరాలను, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను కలిపి చూశారు. ఒక కుక్క నడవడికలో జాతిని బట్టి చెప్పగలిగింది సుమారు 9 శాతమేనట. మిగతాదంతా ఆ కుక్క సొంత స్వభావం, పెరిగిన తీరు, ఇల్లు, మనుషులు. కాబట్టి జాతి పేరుకే డబ్బంతా పోసి, పిల్లను సరిగ్గా చూసుకోకుండా తెచ్చుకోవడం తెలివితక్కువ బేరం.

వీధికుక్క తెలివి గురించి ఒక మాట

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఎవరూ చెప్పరు. వేలితో చూపిస్తే ఆ వైపు చూడాలని కుక్కకు తెలుస్తుంది. చింపాంజీలకు కూడా అంత తేలిగ్గా రాని విద్య అది. ఇంట్లో పెరిగి, మనిషి దగ్గర నేర్చుకోవడం వల్లే వస్తుందని చాలాకాలం అనుకునేవారు. కోల్‌కతాలోని ఐసెర్ అనే విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థవాళ్లు ఎవరూ పెంచని వీధికుక్కలతో ఈ పరీక్ష చేసి 2020లో ఫలితాలు ప్రకటించారు. సగం దాకా భయపడి దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో 80 శాతం దాకా మనిషి చూపించిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. ఎవరూ నేర్పలేదు, ఎవరూ బిస్కెట్ పెట్టి మచ్చిక చేయలేదు.

కురుమలు, గొల్లలు రాత్రి చేన్లలో గొర్లమంద పెట్టినప్పుడు చూడండి. విదేశీ వీడియోల్లో బోర్డర్ కోలీ గొర్లను అటూఇటూ తోలుతుంది. మన దగ్గర ఆ పని కాపరి గొంతే చేస్తుంది, ఆయన ఒక్క కూత వేస్తే మంద మళ్లుతుంది. కుక్క పని వేరు. మంద పడుకున్నాక అది మధ్యలో పడుకోదు, చీకటి వైపు అంచున పడుకుంటుంది. నక్క వాసన వచ్చినా, తెలియని అడుగు పడినా అది లేస్తుంది. మంద యజమాని పొద్దున్నే పాలచెంబుతో వస్తే తల కూడా ఎత్తదు. ఎవరికి మొరగాలి, ఎవరికి మొరగొద్దు అన్న ఈ లెక్క ఏ పోటీలోనూ అడగరు. బాయికాడ మాకు కావలసింది మాత్రం ఇదే.

ఎవరికి ఏది

బాయికాడ, పొలంకాడ, ఊళ్లో వాకిలి ఉన్న ఇంటికి నా సలహా ఒక్కటే, నాటు కుక్క. మన ఎండకు, వానకు, గటకకు, బువ్వకు తరతరాలుగా అలవాటుపడిన ఒళ్లు. పందులకు, కోతులకు, కొత్త మనుషులకు దానికంటే ముందు లేచే కుక్క లేదు. ఆడ కుక్కపిల్లను తెచ్చుకోండి. ఆడది పనికిరాదని ఊరి బయట పడేసి వచ్చేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మా మల్లి ఆడదే, పన్నెండేళ్లు బాయిని కాసింది. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయిస్తే ఇక ఏ ఇబ్బందీ ఉండదు. ఒక్క లోపం చెప్పాలి. నాటు కుక్క మీ మాటను ఆజ్ఞలాగా వినదు, సలహాలాగా వింటుంది. అది మీకు నచ్చకపోతే మీకు వేరే కుక్క కావాలి.

చిన్న పిల్లలున్న ఇల్లు, కింద కాస్త జాగ ఉంటే లాబ్రడార్. ఇది ఎందుకంత త్వరగా నేర్చుకుంటుందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆకలి తీరిందని ఒంటికి చెప్పే జన్యువులో లోపం దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో ఉందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు కనిపెట్టారు. వికలాంగులకు సాయం చేసేందుకు శిక్షణ పొందిన లాబ్రడార్లలో అయితే 76 శాతానికి అది ఉంది. తిండి కోసం ఏదైనా నేర్చుకుంటుంది, నేర్చుకున్నదానికి మనం తిండి పెడతాం, అట్లా శిక్షణ సాగుతుంది. మా ఇంట్లో లాబ్రడార్ ఫ్రిజ్ తలుపు చప్పుడుకు, బీరువా తలుపు చప్పుడుకు తేడా పట్టింది. నిద్రలో ఉన్నా మొదటిదానికే లేస్తుంది. అందుకే దాని తిండిని కొలిచి పెట్టండి. ముచ్చటకు పెట్టే మిర్చిబజ్జీ ముక్కలు దాని కీళ్లను పాడుచేస్తాయి. కాపలా మాత్రం ఆశించకండి. దొంగ బిస్కెట్ పెడితే వెంట పోతుంది. గోల్డెన్ రిట్రీవర్ స్వభావం కూడా ఇంచుమించు ఇంతే, పైగా బొచ్చు ఎక్కువ.

జర్మన్ షెపర్డ్ కావాలంటే మీ ఇంట్లో ఒకరు పొద్దున గంట, సాయంత్రం అరగంట రాసివ్వాలి. భద్రకాళి చెరువు బండ్ మీద గొలుసు పట్టుకుని తిప్పితే దాని కాళ్లకు పని దొరుకుతుంది కానీ బుర్రకు దొరకదు. వెతికించాలి, ఆగమని చెప్పి ఆపాలి, కొత్త మాట నేర్పాలి. మాకు రాకీ రెండో ఏట ఆ సమయం దొరకలేదు. కుటుంబంలో ఒకరికి జబ్బు చేసి రెండు నెలలు ఆస్పత్రి చుట్టూ తిరిగాం. ఆ రెండు నెలల్లో వాడు గేటు గడియను మూతితో పైకెత్తడం నేర్చుకున్నాడు, తర్వాత వంటింటి సొరుగులు లాగడం. మేం కోప్పడ్డాం. ఇప్పుడు తలచుకుంటే, పాపం, వాడు చదువు ఆపేయలేదు, మేమే చెప్పడం మానేశాం. తుంటి కీళ్ల జబ్బు ఈ జాతిలో ఎక్కువ కాబట్టి తల్లిదండ్రుల నడక చూడకుండా పిల్లను కొనొద్దు.

డాబర్‌మన్, రాట్‌వీలర్ తెలివైనవే, బలమైనవి కూడా. మొదటిసారి కుక్కను పెంచేవాళ్లకు వద్దు. మాలినోవా పోలీసుల కుక్క, సైన్యం కుక్క. అది ఇంట్లో కూర్చోవడానికి పుట్టలేదు. బోర్డర్ కోలీ గురించి అడిగేవాళ్లకు నేను ఒకటే చెబుతాను, మీ దగ్గర నాలుగు వందల గొర్లున్నాయా? హస్కీ సైబీరియా మంచులో బండి లాగిన జాతి. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు 45 డిగ్రీలు దాటుతుంది. మనిషిలా దానికి ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పుతూ వేడిని పంపుకోవాలి. ఏసీ గదిలో బంధిస్తే దాని పరుగు చస్తుంది, బయట వదిలితే అదే చస్తుంది. దయచేసి తేవొద్దు. మూతి అణిగిన పగ్ కూడా ఎండలో ఊపిరందక అల్లాడుతుంది. కానీ నీడపట్టున, మనిషి ఒళ్లోనే గడిపే కుక్క కాబట్టి అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్లకు తోడుగా పనికొస్తుంది.

పొమెరేనియన్ అని మన దగ్గర అమ్మేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. అవి మోసం సరుకు కావు, నన్నడిగితే మన ఊళ్లకు అవే నయం. చిన్న ఇంట్లో ఉంటాయి, గంట మోగకముందే మొరుగుతాయి, చెప్పింది త్వరగా పట్టుకుంటాయి. కోతుల కోసమైతే మాత్రం చిన్న కుక్కను తేవొద్దు. గుంపుగా వచ్చిన కోతులు దాన్ని చీరేస్తాయి.

ముధోల్, రాజపాళయం గురించి ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. మన దేశపు జాతులను పెంచాలన్న కోరిక మంచిది. ముధోల్ కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాది, కంటితో చూసి వేటాడే కుక్క. 2016లో సైన్యం వీటి పిల్లలను తీసుకుని మీరట్‌లో శిక్షణ ఇచ్చింది. దానికి కనుచూపు మేర పరుగెత్తే జాగ కావాలి, చుట్టుపక్కల మేకలుంటే మీకు రోజూ పంచాయితీయే. రాజపాళయం తమిళనాడుది, తెల్లటిది, ఒక్కరికే కట్టుబడే రకం. వీటిలో చెవుడు కనిపిస్తుంటుంది, పిల్ల వెనక చప్పట్లు కొట్టి చూసుకోండి. రెండూ పిలవగానే వచ్చేవి కావు. దూరంలో కుందేలును చూసి తానే నిర్ణయం తీసుకోవాల్సిన కుక్కను, వెనక్కి తిరిగి మనిషిని అడిగే గుణంతో ఎవరు పెంచుతారు?

కుక్కపిల్లను ఎంచేటప్పుడు

ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి విడదీయొద్దు. ఎనిమిది వారాల పిల్లలు కూడా వేలు చూపిన వైపు పోతాయని 2021లో అమెరికాలో 375 కుక్కపిల్లలతో చేసిన పరీక్షలో తేలింది. కాబట్టి రెండు గిన్నెలు బోర్లించి, ఒకదాన్ని వేలితో చూపి, పిల్ల ఎటు పోతుందో మీరూ చూడొచ్చు. అయితే నేను దానికంటే ఎక్కువగా నమ్మేది స్టీలు పళ్లెం. నాలుగడుగుల దూరంలో పళ్లెం కింద పడేయండి. పిల్ల ఉలిక్కిపడాలి, పడకపోతే చెవి అనుమానించాలి. ఉలిక్కిపడ్డాక కాసేపటికి దగ్గరికొచ్చి పళ్లాన్ని వాసన చూసే పిల్ల నాకు కావలసిన పిల్ల. మూల నుంచి బయటికే రానిదాన్ని అనుభవం లేనివాళ్లు తీసుకోవద్దు. అందరికంటే ముందు ఎగిరొచ్చి మీ చేతిని కొరికేదాన్ని కూడా తెలివైనదని మురిసిపోకండి, దానికి ఓపిక నేర్పడానికి మీకు చాలా ఓపిక కావాలి.

తల్లిని తప్పకుండా చూడాలి. తల్లిని చూపించనని అమ్మేవాడు తప్పించుకుంటే ఆ బేరం వదిలేయండి. నేను ఒకసారి అట్లా చూడకుండా తెచ్చిన పిల్ల పార్వో అనే వాంతుల, విరేచనాల జబ్బుతో నాలుగో రోజు పోయింది. టీకాలు ఆరో వారం నుంచి మొదలవుతాయి, రేబిస్ టీకా మూడో నెలలో. వానకాలం గోమార్లను రోజూ చెవుల్లో, వేళ్ల సందుల్లో చూసి తీయాలి, గోమారు జ్వరం ఎంత తెలివైన కుక్కనైనా వారంలో పడేస్తుంది. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అనుమానం వచ్చిన రోజే డాక్టరుకు చూపించండి, రేపటికి పెట్టుకోవద్దు.

మా బావమరిది ఉండేది కరీంనగర్‌లో. కింద రెండు గదులు, ముందు చిన్న వాకిలి, మొగుడూపెళ్లాలిద్దరూ పొద్దున తొమ్మిదికి పోతే సాయంత్రం ఆరుకు వస్తారు. అత్తమ్మ ఇంట్లోనే ఉంటుంది. షెపర్డ్ మాట మర్చిపొమ్మన్నాను. వాళ్ల గల్లీలోనే ఈనిన కుక్క ఉందంటే పోయి పళ్లెం పడేసి చూసి, ఆడపిల్లను ఒకదాన్ని తెచ్చుకున్నారు. మొన్న ఫోన్ చేశాడు.

"బావా, ఇది కూర్చో అంటే కూర్చుంటలేదు."

"ఎవరొచ్చినా మొరుగుతుందా?"

"పాలాయనకు మొరగది. కూరగాయలామెకు మొరగది. మొన్న ఎవలో కొత్తాయన కొరియర్ అని గేటు తీయబోతే అమ్మ లేచేదాక ఆయన్ని అడుగు పెట్టనియ్యలే."

"మరి కూర్చో అని ఎప్పుడు చెప్తున్నవ్?"

"తిన్నంక, ఆడుకునేటప్పుడు."

"తిన్నంక ఎవలు వింటర్‌రా? రేపట్నుంచి బువ్వ గిన్నె చేతుల పట్టుకొని చెప్పు. గిన్నెను దాని తల మీదికి లేపు, తల ఎత్తినప్పుడు నడుము దానంతటదే కిందికి దిగుతది. దిగంగనే గిన్నె కింద పెట్టు."